చైర్మన్ గారి ముందు ప్రెసిడెంట్ గారు

పెళ్లయిన ఐదో నెలలో నాకూ ఎజ్రాకూ మొదటి పోట్లాట వచ్చింది. అదీ డాక్టర్ లోవెల్ పెటెన్‌గిల్ గారి మూలంగా.

డాక్టర్ గారు మా తీరప్రాంతం నుంచి గెలిచిన రాష్ట్ర శాసనసభ్యుడు. సభలో ఆరోగ్య కమిటీకి చైర్మన్. తీరప్రాంత వైద్యుల సమాఖ్యకు ప్రెసిడెంట్ కూడా ఆయనే. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా కుదిరాయని బయటివాళ్లు అడుగుతుంటారు. మాకు అందులో వింతేమీ లేదు. అమెరికా ఈశాన్య మూలనున్న మా మెయిన్ రాష్ట్రంలో శాసనసభ జీతంతో బతికేవాళ్లు లేరు. ఒకాయన సముద్రంలో లాబ్‌స్టర్లు పడతాడు, ఒకావిడ బడి బస్సు నడుపుతుంది. డాక్టర్ గారు డాక్టర్ల తరఫున మాట్లాడతారు.

నేను ఆ కమిటీలో గుమస్తాని. చైర్మన్ గారు అడగాల్సిన ప్రశ్నలు టైపు చేసిస్తాను. ఎజ్రా సమాఖ్య ఆఫీసులో పనిచేస్తాడు. ప్రెసిడెంట్ గారు చెప్పాల్సిన జవాబులు రాసిస్తాడు. రాజధాని అగస్టాలో మేం అద్దెకుంటున్న మేడ మీది వాటాకు ఒక్కటే బల్ల. దానికి ఒక వైపు కూర్చుని నేను ప్రశ్న రాస్తే, రెండో వైపు కూర్చుని మా ఆయన జవాబు రాస్తాడు. మధ్యలో పాన్‌కేకులు. అంతకు ముందు నెలలో, కమిటీ ముందు మాట్లాడేందుకు అవకాశం ఇమ్మని ప్రెసిడెంట్ సంతకంతో సమాఖ్య అడిగింది. పరిశీలిస్తామని చైర్మన్ సంతకంతో జవాబు పంపాం. పరిశీలన ఇంత ఆలస్యమా అని ప్రెసిడెంట్ గారు నిజంగానే నొచ్చుకున్నారు. ఆ సాయంత్రం మేమిద్దరం నవ్వీ నవ్వీ, పొయ్యి మీది సూప్ మాడ్చేశాం. మాడిన సూప్ కూడా ఎంత బాగుందో!

అంత సరదాగా ఉన్న బల్ల దగ్గరే పోట్లాట వచ్చింది. ఎజ్రా వాళ్ల అక్క డార్కస్, అంటే మా వదిన, టార్బెల్ దీవిలో నర్సు. తెల్ల చెక్కల ఇల్లు, ముందు గదిలో మంచం, వెనక గదిలో మందులు. దీవి మొత్తానికి అదే ఆసుపత్రి. ఇన్నాళ్లూ ఆవిడ పైన ఒక డాక్టరు ఉండేవాడు. వారానికోసారి ఫెర్రీలో వచ్చి, సంతకాలు పెట్టి, వదిన చేసిన చేపల సూప్ తాగి వెళ్లేవాడు. ఆయన రిటైరై ఫ్లోరిడా ఎండలోకి వెళ్లిపోయాడు. పైన డాక్టరు లేకుండా నర్సు క్లినిక్ నడపకూడదని రూలు. వేసవి లోపల ఇంకొకరు రాకపోతే తలుపుకు తాళమే. దీవి నుంచి ఒడ్డుకు రావాలంటే గంటన్నర, అదీ సముద్రం ఒప్పుకుంటే.

అందుకని వెర్నన్ బీల్ ఒక బిల్లు తెచ్చాడు. కమిటీలో లాబ్‌స్టర్లు పట్టే సభ్యుడు ఈయనే. దీవుల్లో నర్సులు సొంతంగా క్లినిక్ నడపొచ్చు, అవసరమైతే ఫోన్లో ఒక డాక్టరు పలికితే చాలు అని ఆ బిల్లు. దాన్ని వ్యతిరేకించాలని సమాఖ్య తీర్మానించింది. ఆ వ్యతిరేకత రాసే పని ఎజ్రా మీద పడింది.

"రాయనని చెప్పు," అన్నాను.

"చెప్తాను. ఆ తర్వాత అద్దె మీ చైర్మన్ కడతాడా?"

"మీ ప్రెసిడెంట్‌ని అడుగు, ఆయనే చెప్తాడు."

"నెల్, ఇది జోకు కాదు."

"కాదనే అంటున్నా. అది మీ అక్క క్లినిక్."

"నాకు తెలీదా?" అని ఎజ్రా కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. పాన్‌కేకు వదిలేసి లేవడం నేను చూడ్డం అదే మొదలు.

నేనే ఎజ్రా ఫోను తీసి వదినకు చేసి స్పీకర్లో పెట్టాను.

"ఏంట్రా, ఆదివారం పొద్దున్నే ఫోను? కొత్త పెళ్లికొడుక్కి వేరే పనేం లేదా?" అంది వదిన.

"నీకు వ్యతిరేకంగా రాయమన్నారక్కా."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. "రాయి మరి. నువ్వు కాకపోతే ఇంకోడు రాస్తాడు. వాడికి నేనెవరో కూడా తెలీదు. కానీ ఒక్క మాట. నా మీద అబద్ధం రాశావో, చిన్నప్పుడు ఎరల బకెట్లో ముంచానే, మళ్లీ ముంచుతా."

"అక్కా, క్లినిక్ మూసేస్తే ఏం చేస్తావ్?"

"ఏం చేస్తాను, ఒడ్డుకొచ్చి మీ ఇంట్లోనే ఉంటా. మీ మంచం మధ్యలో పడుకుంటా. ఏం మరదలా?"

"రా వదినా, చోటు చేస్తాం," అన్నాను. నవ్వడానికే అన్నాను గానీ, ఫోన్ పెట్టేముందు ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. "ఇక్కడ దీవిలో ఆల్డెన్ వాళ్ల ఆవిడకి చక్కెర జబ్బు. ఫెర్రీ ఆగిపోయిన రోజున ఆవిడని ఎవరు చూస్తారో అదొక్కటీ మీ డాక్టర్లను అడిగి చెప్పరా," అంది.

ఎజ్రా మళ్లీ కూర్చుని, చల్లారిన పాన్‌కేకు తిని, రాశాడు. డాక్టర్ గారికి ఒక పద్ధతుంది. రోగికి చెడ్డ వార్త చెప్పేముందు వాతావరణం గురించీ, పిల్లల చదువు గురించీ మాట్లాడడం ప్రాక్టీసులో ఆయనకు అలవాటైపోయింది. సమాఖ్య ఎవర్ని కాదనాలన్నా ముందు బాగా పొగిడి, ఆఖరి పేరాలో 'అయితే' అనాలి. ఎజ్రా ఆ పద్ధతి అక్షరాలా పాటించాడు. డార్కస్ గురించి రాసిన పొగడ్తలో ఒక్క ముక్క అబద్ధం లేదు. అందుకే అది కొంచెం పొడుగైంది. ఆఖరి పేరాలో మాత్రం 'అయితే' అని పెట్టి, ఫోన్లో పలికే డాక్టరు పక్కనున్న డాక్టరుతో సమానం కాడు కనుక బిల్లును వ్యతిరేకిస్తున్నామని ముగించాడు. చదివి చూసుకుంటే కమిటీ ఇచ్చే మూడు నిమిషాలకు సరిపోయింది.

ఆ మూడు నిమిషాల నియమం డాక్టర్ గారి గర్వకారణం. నా బల్ల మీద మూడు రంగుల దీపం ఉంటుంది. ఎరుపు వెలిగిందంటే చైర్మన్ గారి సుత్తి పడాల్సిందే. గవర్నర్ మనిషైనా, బిషప్ అయినా వాక్యం మధ్యలో ఆగాల్సిందే. ఒక్కసారి మాట్లాడినవాళ్లు మళ్లీ లేవకూడదు. "నియమం అందరికీ ఒకటే" అని ఆయన అంటుంటే ఆ గొంతులో ఒక తీపి ఉంటుంది.

బిల్లు విచారణకు వచ్చిన రోజు మంచు కరిగి ఊళ్లన్నీ బురదయ్యాయి. వైస్ చైర్మన్ కారు వాళ్ల ఇంటి ముందే ఇరుసుల దాకా దిగబడిపోయిందని కబురొచ్చింది. చైర్మన్ గారు సాక్షిగా లేచినప్పుడు సుత్తి పట్టుకోవాల్సింది ఆవిడే.

"సుత్తి ఇంకెవరికైనా ఇవ్వమంటారా?" అని అడిగాను.

"ఎందుకమ్మా? నేనున్నాగా," అన్నారు డాక్టర్ గారు.

టార్బెల్ దీవి వాళ్లు తెల్లవారుజామున ఫెర్రీ ఎక్కి వచ్చి వెనక వరసలన్నీ నింపేశారు. ఉన్ని టోపీలు, రబ్బరు బూట్లు, వాటి కింద చిన్న చిన్న మడుగులు. మధ్యలో వదిన, ఒళ్లో ఇంట్లో చేసిన వూపీ పైల డబ్బా, మధ్యలో క్రీము పెట్టిన చిన్న కేకులు. ముందు వరసలో సమాఖ్య కార్యవర్గం నున్నగా దువ్వుకున్న తలలతో కూర్చుంది. వాళ్లలో కార్యదర్శి డాక్టర్ ప్రెస్కాట్ మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నారు. ఎజ్రా గోడకు ఆనుకుని నిలబడి నాకేసి చూడకుండా చూస్తున్నాడు.

ముందు సమర్థించేవాళ్లు, తర్వాత వ్యతిరేకించేవాళ్లు, ఆఖర్న ఏ పక్షమూ కానివాళ్లు. మా దగ్గర వరస అది. సమర్థించేవాళ్లలో ఆల్డెన్ క్రీమర్ లేచాడు. మాట్లాడే అలవాటు లేని మనిషి. పడవ గురించి, గాలి గురించి, ఫెర్రీ ఆగిన రోజు గురించి చెప్పుకుంటూ వచ్చాడు.

"మా ఆవిడ అప్పటికే పలకడం మానేసింది. డార్కస్ వచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని..."

ఎరుపు వెలిగింది. సుత్తి పడింది.

"ధన్యవాదాలు. సమయం అయింది."

"చెయ్యి పట్టుకున్నాక ఏమైందో చెప్పనీయండి సార్!"

"రాసి ఇవ్వండి. నియమం అందరికీ ఒకటే."

"రాయడం వస్తే ఇంత దూరం ఎందుకొస్తాను?" అని గొణుక్కుంటూ ఆల్డెన్ కూర్చున్నాడు. వదిన అతని ఒళ్లో ఒక వూపీ పై పెట్టింది.

వ్యతిరేకించేవాళ్ల వంతు వచ్చింది. పేరిచ్చినవారు ఒక్కరే. "తీరప్రాంత వైద్యుల సమాఖ్య ప్రెసిడెంట్ డాక్టర్ పెటెన్‌గిల్ గారిని సాక్ష్యం చెప్పవలసిందిగా కోరుతున్నాను," అని డాక్టర్ పెటెన్‌గిల్ గారు పిలిచారు. పిలిచి, లేచి, కోటుకున్న కమిటీ బిళ్ల తీసి జేబులో వేసుకుని, సమాఖ్య బిళ్ల పెట్టుకుని, మెట్లు దిగి సాక్షి బల్ల దగ్గరికి వచ్చారు. సుత్తి ఆయన చేతిలోనే ఉంది. ఇవ్వడానికి మనిషి లేక తెచ్చారో, పెట్టడం మరచిపోయారో నాకిప్పటికీ తెలియదు.

నేను ఆకుపచ్చ వెలిగించాను. ఆయన తాను లేచి వచ్చిన ఖాళీ కుర్చీకి తల వంచి నమస్కరించారు.

"గౌరవనీయులైన చైర్మన్ గారికి, సభ్యులకు. ముందుగా, ఈ కమిటీని ఇంత నిష్పక్షపాతంగా నడిపిస్తున్న చైర్మన్ గారికి వైద్యలోకం తరఫున కృతజ్ఞతలు చెప్పకపోతే నేను కృతఘ్నుణ్ని అవుతాను."

ఇది ఎజ్రా రాయలేదు. నేను గోడ వైపు చూశాను. ఎజ్రా కళ్లు పెద్దవి చేశాడు.

చైర్మన్ గారి నిష్పక్షపాతం అయ్యాక డాక్టర్ గారి చిన్నతనం వచ్చింది. చిన్నప్పుడు మేనమామతో పడవలో టార్బెల్ దీవికి వెళ్లి దారిలో వాంతి చేసుకున్న సంగతి వచ్చింది. ఆకుపచ్చ పోయి పసుపు వెలిగే సమయానికి గానీ ఎజ్రా రాసిన మొదటి వాక్యం రాలేదు. వచ్చాక మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

"టార్బెల్ దీవికి డార్కస్ లాంటి నర్సు దొరకడం ఆ దీవి అదృష్టం. తుఫానులో, మంచులో, ఫెర్రీ లేని రోజుల్లో ఆ దీవి ప్రాణాలు ఆమె చేతిలో భద్రంగా ఉన్నాయి. ఆమె ఒక మనిషికి కట్టు కట్టిందంటే దాన్ని విప్పి మళ్లీ కట్టాల్సిన అవసరం ఏ డాక్టరుకూ రాలేదని మా సభ్యులే చెబుతారు. అలాంటి క్లినిక్ మూతపడితే తీరానికే అది తీరని..."

ఎరుపు వెలిగింది.

ఆయన చెయ్యి ఆయన్ని అడగలేదు. సుత్తి ఠప్పున బల్ల మీద పడింది. "ధన్యవాదాలు. సమయం అయింది," అంది ఆయన నోరు.

ఆల్డెన్ నోట్లోని వూపీ పై పొలమారింది. అక్కడ మొదలైన నవ్వు ముందు వరస దాకా వచ్చి, డాక్టర్ ప్రెస్కాట్ వీపు దగ్గర ఆగిపోయింది.

"ఇంకొక్క వాక్యం..." అన్నారు డాక్టర్ గారు.

వెర్నన్ బీల్ కుర్చీలో వెనక్కి వాలాడు. "చైర్మన్ గారి అనుమతి కావాలిగా డాక్టరూ. అడుగు మరి."

డాక్టర్ గారు అప్రయత్నంగా ఖాళీ కుర్చీ వైపు చూశారు. కుర్చీ ఏమీ అనలేదు.

"ఆయనకిస్తే నాకూ ఇవ్వాలి!" అని వెనకనుంచి ఆల్డెన్ అరిచాడు. "నా కథ మా ఆవిడ చెయ్యి దగ్గరే ఆగింది!"

"నాకూ! నేను పిల్లాడి జ్వరం దగ్గర ఆగా!" అంది ఇంకో ఆవిడ. దీవి మొత్తం లేచి నిలబడింది. అందరి దగ్గరా సగం సగం కథలున్నాయి.

డాక్టర్ ప్రెస్కాట్ కూడా లేచారు. "మేం వ్యతిరేకి..."

సుత్తి మళ్లీ పడింది. "పేరు ఇవ్వనివాళ్లు మాట్లాడకూడదు!" అన్నారు డాక్టర్ గారు. అన్నాక నాలుక కరుచుకున్నారు.

"గుమస్తా అమ్మాయ్," అన్నాడు వెర్నన్, "సమాఖ్య ఏమందో ఓసారి చదువు."

కాగితాలు ముందే పంచితే వినేవాళ్లకు కుతూహలం పోతుందని డాక్టర్ గారు ఎప్పుడూ ప్రతులు ఇవ్వనివ్వరు. కాబట్టి నేను రాసుకున్నదే రికార్డు. చదివాను. చైర్మన్ గారి నిష్పక్షపాతం, మేనమామ పడవ, డార్కస్ చేతిలో భద్రంగా ఉన్న దీవి. 'అయితే' ఎక్కడా లేదు.

"వ్యతిరేకించేవాళ్ల వరసలో లేచి ఇంత పొగిడినవాణ్ని నేను చూళ్లేదు," అన్నాడు వెర్నన్. "డాక్టర్లందరి తరఫున ఇంత మాటన్నావు, నీకు దండం లోవెల్."

వెనక వరసలు చప్పట్లు మొదలుపెట్టాయి. రబ్బరు బూట్లు నేలకేసి కొట్టారు. డాక్టర్ గారు ఖండించడానికి నోరు తెరిచారు. చప్పట్లు ఇంకా పెరిగాయి. ఆయన నోరు నెమ్మదిగా మూతపడి, దాని స్థానంలో ఒక చిరునవ్వు వచ్చింది. సమాఖ్య సమావేశాల్లో ఆయనకు ఎవరూ చప్పట్లు కొట్టరని ఎజ్రా చెప్పాడు. అక్కడ అందరూ ప్రెసిడెంట్ కావాలనుకునేవాళ్లే.

మధ్యాహ్నం ఓటుకు కూర్చున్నాం. నేను పేర్లు పిలిచాను. సభ్యులు సరిగ్గా చెరిసగం అయ్యారు. మిగిలింది చైర్మన్ గారు. వదిన డబ్బా మూత గట్టిగా పట్టుకుని కూర్చుంది.

డాక్టర్ గారు నావైపు వంగారు. "నెల్, నేను ఓటు వేయకపోతే?"

"చెరిసగమైతే బిల్లు పోయినట్టే సార్."

"కాసేపు బయటికెళ్తే?"

"బయట పత్రిక ఫోటోగ్రాఫరు ఉన్నాడు సార్."

ఆయన ముందు వరస చూశారు. అక్కడ ప్రెసిడెంట్ పదవి కూర్చుని ఉంది. వెనక వరసలు చూశారు. అక్కడ వచ్చే ఎన్నికలు టోపీలు పెట్టుకుని కూర్చున్నాయి. మధ్యలో వదిన ఆయన్నే చూస్తోంది. అడగడం లేదు, బతిమాలడం లేదు, ఊరికే చూస్తోంది. ఆయన మొహం తేటపడింది, సిరా మరక మీద అద్దుడు కాగితం పెట్టినట్టు.

"వైద్యుల సమాఖ్య అభిప్రాయాన్ని ఈ కమిటీ ఏనాడూ కాదనలేదు," అన్నారు గంభీరంగా. "వారి ప్రెసిడెంట్ గారు ఇందాక ఈ నర్సును గురించి ఎంత గొప్పగా చెప్పారో అందరూ విన్నారు. ఆక్షేపణ ఒక్కటైనా నాకు వినబడలేదు. అంతటి పెద్దమనిషి మాట తీసేసే సాహసం నేను చేయలేను. నా ఓటు, ఔను."

వదిన డబ్బా మూత తెరిచి, ఎవరికి ఇవ్వాలో తెలియక, పక్కనున్న విలేకరికి ఒకటి ఇచ్చింది. కళ్లు తుడుచుకుంటే చెంపకు క్రీము అంటుకుంది.

నడవలో డాక్టర్ ప్రెస్కాట్ ఆయన్ని పట్టుకున్నారు. "ఏమిటండీ ఇది? మన తీర్మానం ఏమైంది?"

డాక్టర్ గారు అప్పటికే సమాఖ్య బిళ్ల పెట్టేసుకున్నారు. "నన్నేం చేయమంటారు? చైర్మన్ సమయం ఇవ్వలేదు. మీరే చూశారుగా. మహా మొండి మనిషి."

"కానీ చైర్మన్ మీరే కదా!"

"నేనైతే నాకు ఇంకో నిమిషం ఇచ్చుకోనా?" అన్నారు డాక్టర్ గారు, నిజంగా బాధపడుతూ.

దానికి జవాబు రాసిపెట్టాల్సిన ఎజ్రా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"కమిటీ ఒప్పుకుంది, డాక్టర్లూ ఒప్పుకున్నారు. ఇక సభలో కాదనేవాడెవడు?" అని వెర్నన్ వదిన భుజం తట్టాడు. "కానీ డార్కస్, ఫోన్లో పలికే డాక్టరు ఒకడు కావాలిగా. చూసుకున్నావా?"

వదిన చూసుకోలేదు. నడవలో ఉన్న డాక్టర్లందరూ ఒక్కసారిగా కోట్లు తొడుక్కోవడం మొదలుపెట్టారు. వదిన ఫోటోగ్రాఫరు వైపు చూసి, డాక్టర్ గారి వైపు చూసింది.

"సార్, ఇందాక మీరన్న మాటలు విన్నాక ఇంకొకర్ని అడగడానికి మనసు రావట్లేదు. మీరే పలకండి."

"నేనా? నాకు అసలే రెండు బాధ్యతలమ్మా..."

"దీవికి గౌరవ ప్రధాన వైద్య సలహాదారు," అంది వదిన. అలాంటి పదవి ఉందని నేనే కాదు, ఆవిడ కూడా అప్పుడే వినడం. "బోర్డు మీద పెద్దక్షరాలతో రాయిస్తాం."

డాక్టర్ గారు నెక్‌టై సరిచేసుకున్నారు. "గౌరవ అనే మాట ముందే వస్తుందా?"

"ముందే వస్తుంది సార్."

ఫోటో తీశారు.

సాయంత్రం ఫెర్రీకి వదినను మేమే దింపాం. మా చిన్న కారులో ఆవిడ, ఆల్డెన్, ఖాళీ డబ్బా, మేమిద్దరం. కారంతా ఉన్ని తడి వాసన. రేవులో పడవ కోసం నిలబడి ఉండగా దీవి నుంచి ఫోన్ వచ్చింది. ఎవరి బొటనవేలికో గాలం గుచ్చుకుందట. "కదిలించకు. టేబుల్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చో. నేనొస్తున్నా," అని వదిన చెప్పి, నావైపు తిరిగి కన్ను గీటింది. "మన సలహాదారుగారికి కూడా ఒక ముక్క చెబుదాం మరి. రూలు ఇంకా రాకపోయినా మర్యాద ఉందిగా."

స్పీకర్లో పెట్టింది. ఒక్క మోతకే ఎత్తారు.

"టార్బెల్ దీవి ప్రజల ఆరోగ్యం విషయంలో నన్ను సంప్రదించినందుకు ముందుగా నా హృదయపూర్వక..."

పడవ కూత పెట్టింది. వదిన ఫోన్ కోటు పైజేబులో, తెరిచి ఉంచే, పెట్టుకుని మెట్లెక్కింది. ఆల్డెన్ ఆవిడ సంచీ అందుకున్నాడు. పడవ కదిలాక కూడా ఆ జేబులోంచి డాక్టర్ గారి గొంతు నీళ్ల మీదుగా సన్నగా వినిపిస్తూనే ఉంది. ఆయన ఇంకా గాలం దాకా రాలేదు. ఎజ్రా చలికి నా చేతిని తన కోటు జేబులో పెట్టుకున్నాడు. పడవ చుక్కంతయ్యేదాకా అక్కడే నిలబడ్డాం.